ఐదో పక్క

హెడ్‌మాస్టర్ గదిలో పెద్ద టీవీ ఒకటుంది.
వేలితో తాకితే పలుకుతుందట.
వచ్చిన నాడు కొబ్బరికాయ కొట్టి బొట్టు పెట్టాం,
మర్నాడు కరెంటు పోయింది.
ఇప్పుడు దాని ముసుగు మీద పిల్లి పడుకుంటుంది.

అందుకని సిరొంచ జిరాక్స్ షాపులో
ఇరవై ఆరు కాగితాలు తీయించుకొచ్చాను.
ఒక్కోదాని మీద ఒక్కో నల్ల గళ్ళ బొమ్మ,
పురుగు తిన్న తునికాకులా.
నాలుగు పక్కలా నాలుగక్షరాలు: అ, బ, క, డ.
నీ జవాబున్న పక్క పైకి తిప్పి పట్టుకో, అంతే.
నా ఫోను గది మొత్తాన్నీ ఒక్క చూపు చూస్తుంది.
ఎవరేమన్నారో నాకు తప్ప ఎవరికీ తెలీదు.
లామినేషన్ చేయిస్తే మెరిసి, కెమెరాకి ఆనలేదు.
బిస్కెట్ డబ్బాలు కోసి, అన్నం మెతుకులతో
మళ్ళీ అతికించాం.

ప్రాణహితకి అవతల తెలంగాణ, తెలుగు బడి.
ఇవతల తెలుగు ఇళ్ళు, మరాఠీ బడి.
వెనక వరసలో, మాడియా మాటల్ని
చెప్పులతో పాటు గుమ్మం దగ్గర విప్పి వచ్చే పిల్లలు.
పదకొండేళ్ళుగా పాఠం చివర ఒకటే అడుగుతాను:
"సమజ్‌లం కా?"
"హో గురూజీ!" అంటుంది గదంతా ఒకే గొంతు.
ఆ "హో"ని నమ్ముకునే
బైకు కొన్నాను, ఇంటికి స్లాబు వేయించాను.

నాలుగో తరగతి. వజాబాకీ.
బోర్డు మీద మరాఠీలో రాశాను:
సరుకు యాభై రెండు రూపాయలు.
దుకాణదారుకి అరవై ఇచ్చావు. బాకీ ఎంత?

అట్టలు లేచాయి,
గాలివానకి కప్పు రేకులు లేచినట్టు
వంకరటింకరగా, చప్పుడు చేస్తూ.
ఫోను ఎత్తాను.
పద్దెనిమిది ఎర్ర చుక్కలు.
పద్దెనిమిది మందిదీ ఒకటే జవాబు: సున్నా.

అద్దం చొక్కాకి తుడిచి మళ్ళీ చూశాను.
మళ్ళీ పద్దెనిమిది.
"సున్నా ఎట్లరా?"
దుర్గం అనికేత్ లేచి నిలబడ్డాడు,
నా మీద జాలిపడుతున్నట్టు.
"పైసలు ఇచ్చేసినం గద గురూజీ.
ఇంక బాకీ ఏడిది?"

మరాఠీలో బాకీ అంటే మిగిలింది.
వీళ్ళింట్లో బాకీ అంటే
దుకాణం నోటుబుక్కులో నాయిన పేరు కింద పెరిగేది,
ఆకు పైసలు రాగానే వాకిట్లోకి నడిచొచ్చేది.
అరవై ఇచ్చి యాభై రెండుకి కొన్నవాడికి
బాకీ లేదు. నిజమే.
లెక్క వాళ్ళు సరిగ్గానే చేశారు.
నేనే పదకొండేళ్ళుగా
ఇంకో భాషలో దిద్దుతున్నాను, ఎర్ర సిరాతో.
ఏడాదికి పాతిక మంది చొప్పున...
ఆ గుణకారం చేయబుద్ధి కాలేదు.

ఫోనులో ఒక చుక్క బూడిద రంగులోనే ఉండిపోయింది.
పద్నాలుగో నంబరు. మైనీ తలాండి.
జూన్ నుంచి హాజరుకి తప్ప నోరు తెరవని పిల్ల.
వేలు గళ్ళ మీద పడిందేమో అనుకుని దగ్గరికెళ్ళాను.
అట్ట ఒళ్ళో పెట్టుకుని తిప్పుతోంది,
అ పైకి, క పైకి, మళ్ళీ అ.

"ఏమైందే?"
చాలాసేపు, బయట పప్పు గిన్నెలో గరిటె చప్పుడే.
తర్వాత, మూడు భాషలు కలిపి,
నేలకి చెబుతున్నట్టు చెప్పింది:
"ఎనిమిది రావు గురూజీ.
చిల్లర లేదంటడు. చాక్లెట్లిస్తడు. నాలుగు."
అట్టని ఇంకోసారి, మొత్తం చుట్టూ తిప్పింది.
"దీనికి ఆ పక్క లేదు."

గదంతా వెనక్కి తిరిగింది.
ఫోను జేబులో వేసుకున్నాను.
ఏదో ఒకటి అనాలి కదా, గురూజీని.
నేను నోరు తెరిచేలోపే
అనికేత్ బెంచీ ఎక్కి అరిచాడు,
"నాకు మూడే ఇచ్చిండు!"